ఏలియా గారు మార్చని మాట

1963వ సంవత్సరం మార్చి నెల. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద ఉన్న ఒక చిన్న అచ్చాఫీసులో నేను తెలుగు కంపోజిటర్‌ని. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, వరసగా పేర్చి, వాక్యం కట్టడం కంపోజిటర్ పని. అక్షరాలుండే గదుల పెట్టెను కేసు అంటాం. ముందు గదిలో బెంగాలీ, ఇంగ్లీషు కేసులుండేవి. వెనక గదిలో కిటికీ పక్కన నా తెలుగు కేసు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం వస్తుందని టెక్కలి దగ్గర నుంచి వచ్చి, అది రాక, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా మేనమామ క్వార్టర్స్‌లో ఉంటూ ఈ పనిలో చేరాను. మూడేళ్ళయింది.

మా తెలుగు టైపు పాతది. యజమాని వెంకటరత్నం గారు కాకినాడ నుంచి వచ్చేటప్పుడు గూడ్సులో వేయించి తెచ్చుకున్నారు. ఏ అక్షరమైనా విరిగితే బెజవాడకో మద్రాసుకో రాయాలి. రాసినా నెలల తరబడి వచ్చేది కాదు. అందుకని మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. అక్షరం చాలకపోతే మాటనే మార్చేసేవాళ్ళం. పెళ్ళి కార్డులో ‘ఆకాంక్షిస్తూ’ అని ఉంటే, ‘క్ష’ అయిపోతే, ‘కోరుతూ’ అని పేర్చేసేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళివారు పేర్లూ ముహూర్తమూ చూసుకుంటారు గాని మధ్య మాటలు చూడరు. “మనవాడికి అక్షరం లేకపోయినా మాట ఉంటుంది” అని వెంకటరత్నం గారు నలుగురిలో చెప్పేవారు. నాకది బిరుదులా ఉండేది.

ఆ నెలలో ఏలియా గారు ఒక పని పట్టుకొచ్చారు. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. మా మేనమామ క్వార్టర్స్‌కు మూడిళ్ళ అవతల ఉండేవారు. మేం హిందువులం, ఆయన క్రైస్తవుడు, అయినా మా క్వార్టర్స్ లైనులో వరసలు కలుపుకొని పిలుచుకోవడమే రివాజు. నాకు ఆయన మావ. వాళ్ళ తెలుగు సంఘంలో ప్రతి ఆదివారం బైబిల్ పైకి చదివేది ఆయనే. అక్కడ ఆ పనిని వాక్యం చదవడం అంటారు. జీతం లేని పనే గాని, ఇరవై ఏళ్ళుగా ఆయన పేరుకు ముందు అదే చెప్పేవారు, వాక్యం చదివే ఏలియా గారు అని.

స్త్రీల సమాజం కోసం ఒక చిన్న పుస్తకం అచ్చు వేయాలి. అందులో కంఠత వాక్యాలు, అంటే బట్టీ పట్టి ఒక్క మాట తేడా లేకుండా అప్పజెప్పవలసిన బైబిల్ వచనాలు, ఉంటాయి. ఈస్టరు నాడు సంఘం అంతటి ముందు ఆడవాళ్ళు వాటిని అప్పజెప్పాలి. ఆ ఆడవాళ్ళలో సగం మందికి చదువు నేర్పింది ఏలియా గారే. సాయంత్రాలు తన వసారాలో పలకలు పెట్టి నేర్పేవారు. వాళ్ళు సొంతంగా చదువుకోబోయే మొదటి పుస్తకం ఇది.

“అప్పలసామీ, పెద్దక్షరాలు ఎయ్యాల. మా మార్తమ్మ గుణింతాలు మొన్నే ముగించింది. కళ్ళు సిట్లించకుండా సదవాల” అన్నారు.

రాతప్రతి తిరగేశాను. ప్రతి పేజీలోనూ ‘కృప’ అనే మాట ఉంది. నా కేసులో ‘కృ’ అచ్చులు తక్కువ. వట్రసుడి కొస సన్నం గనక అది తొందరగా విరిగేది.

“ఏటి మావా, ఇన్ని కృపలా? నాకాడ కృ లు నేవు. కొన్నిసోట్ల దయ అని ఏసేస్తే పోనేదా?”

ఆయన నవ్వారు. “పెళ్ళి కార్డనుకున్నావేటిరా?” అని, తర్వాత నవ్వు ఆపేశారు. “ఇను. దయ మనిసి కూడా సూపిస్తాడు. మా ఫోర్‌మను సూపిస్తాడు, పండగ ముందర. బతిమాలితే వొస్తాది దయ. కృప అలగ కాదు. అడక్కుండా వొచ్చింది, తగనోడికి వొచ్చింది. ఆ మాట తీసేస్తే మా గుడికి గోడలుంటాయి గానీ లోపల ఏటీ ఉండదు. మా గ్రంథంలో మాట మాటకీ అధికారముంది నాయనా. రాసినోడికి నేదు, సదివినోడికి నేదు. మాటకే ఉంది.”

నాకు సగమే అర్థమైంది. కాని మార్చకూడదన్నది పూర్తిగా అర్థమైంది. ఇది ముందే చెప్పడం అవసరం. తెలియక చేశానని తర్వాత నేను నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజం కాదు.

పేజీలు పేర్చిన తర్వాత ముందుగా ఒక కాగితం మీద తీసేదాన్ని ప్రూఫు అంటారు. తెచ్చినవాళ్ళు అది చదివి, తప్పులు దిద్ది, కింద ‘ప్రింట్ ఆర్డర్’ అని రాసి సంతకం చేస్తారు. ఆ తర్వాత అచ్చాఫీసు ఒక్క చుక్క కూడా ముట్టుకోకూడదు. సంతకమైన ప్రూఫును గోడకున్న ఇనప ఊచకు గుచ్చుతారు. తగాదా వస్తే అదే సాక్ష్యం.

ఏలియా గారు ప్రూఫు చదివే పద్ధతి నేను మరెవరి దగ్గరా చూడలేదు. ఒకసారి మొదటి నుంచి చదివేవారు, పక్కన బైబిల్ తెరిచి పెట్టుకొని. రెండోసారి చివరి మాట నుంచి వెనక్కి, ఒక్కొక్క మాట కింద గోరు ఆనించి చదివేవారు.

“ఎనక నుంచి ఏల మావా?”

“నాకు కంఠతా వొచ్చు కదేటి. కంఠతా వొచ్చినోడికి తప్పు కనపడదు. నోరు ముందే సెప్పేస్తాది. ఎనక నుంచైతే కళ్ళే సూడాల.”

చూసిన ప్రతి ‘కృప’ కిందా పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టారు. సంతకం చేశారు. మర్నాడే రైల్వే వాళ్ళు ఆయన్ను పని మీద లైనులోకి, అంటే దారి పొడుగు స్టేషన్లకు, పంపారు. రెండు వారాల దాకా రారు. పుస్తకాలు సంఘం కార్యదర్శి జాషువా గారికి అప్పగించమని చెప్పి వెళ్ళారు.

మేము రెండేసి పేజీలు చొప్పున ట్రెడిల్ మీద వేసేవాళ్ళం. ట్రెడిల్ అంటే కాలితో తొక్కే అచ్చు యంత్రం. చివరి రెండు పేజీలు మిషను మీదున్నాయి. మధ్యాహ్నం మూడు గంటల వేళ. వంద కాగితాలు దాటాక ఒకటి తీసి చూస్తే, మనిషి రక్షణ గురించి చెప్పే వాక్యంలో ‘కృపచేతనే’ అన్నచోట వట్రసుడి విరిగి ‘కప’ అని పడుతోంది. మిషను ఆపాను. కేసులో వెతికాను. ముందు పేజీల్లోవి కొన్ని అప్పటికే విరిగాయి, మిగతావన్నీ ఈ రెండు పేజీల్లోనే ఉన్నాయి. ఒక్క ‘కృ’ కూడా లేదు.

ఒక్కటుంది నిజానికి. ఒక కిరాణా దుకాణం బిల్లు పుస్తకం మ్యాటరు, అంటే పేర్చిన అక్షరాల పేజీ, దారంతో కట్టేసి అరలో ఉంది. ఆ దుకాణానికి కృష్ణుడి పేరు. దారం విప్పి ‘కృ’ తీసి, పని అయ్యాక మళ్ళీ పెట్టేయవచ్చు. అరగంట పని. కాని ఆ మ్యాటరు ముట్టుకుంటే వెంకటరత్నం గారు ఊరుకోరు. ఆ దుకాణదారు ఆయన స్నేహితుడు. పైగా పుస్తకాలు సాయంత్రానికి ఇస్తామని ఆయనే మాటిచ్చారు.

బెంగాలీ కేసు దగ్గర పనిచేసే అన్న, మేం దాదా అనేవాళ్ళం, మిషను ఆగిన చప్పుడు విని వచ్చాడు. “కీ హోలో, షామీ?” ఏమైంది అని.

చూపించాను. అతనికి తెలుగు రాదు. “బొడో బాబూకే బోలో” అన్నాడు. పెద్దబాబుకు చెప్పు అని.

చెప్పలేదు. ‘కృప’ రెండక్షరాలూ తీసేసి ‘దయ’ పెట్టాను. సందు మిగిలితే స్పేసు, అంటే అచ్చు పడని ఖాళీ ముక్క, ఇరికించాను. తప్పు పడిన కాగితాలు చింపి పారేసి, మొదటి నుంచి మళ్ళీ తొక్కాను. పావుగంటలో అయిపోయింది. నా తెలివికి నేను మెచ్చుకున్నానో లేదో గుర్తు లేదు. మెచ్చుకొనే ఉంటాను.

ఈస్టరు ఆదివారం నేను గుడిలో లేను. ఏం జరిగిందో ఆ సాయంత్రం మా లైనులో కుళాయి దగ్గర విన్నాను. చెప్పింది మార్తమ్మ పిన్ని. భర్త రైల్వేలో ఖలాసీగా పనిచేస్తూ పోతే రైల్వే వాళ్ళే ఆమెకు ఆయా పని ఇచ్చారు. నలభై ఏళ్ళు వచ్చాక పలక పట్టిన మనిషి. మొట్టమొదట లేచి అప్పజెప్పింది ఆమేనట. చివరి వాక్యం దగ్గర ‘దయచేతనే’ అనగానే జాషువా గారు లేచారట.

“మళ్ళీ సెప్పమన్నాడు బావూ. సెప్పినాను. ఇంకోపాలి సెప్పమన్నాడు. పుస్తకంలో ఇలగే ఉంది బాబూ, నాను సదివే నేర్సుకున్నాను అన్నాను. తరవాత లేసినోళ్ళందరూ దయ అనే అన్నారు. ఆయన పుస్తకం తెరిసి, ఇది ఎవలు సేసిన మార్పు అని గట్టిగా అడిగినాడు. అందరూ ఏలియా అన్నయ్య ఏపు తిరిగినారు.”

“మావ ఏటన్నాడు?”

“ఏటంటాడు? ఆ ముందు రేత్రే లైన్లోంచి దిగినాడు. పుస్తకం అప్పుడే మొదటిపాలి సూసినాడు. నాను సంతకం సేసిన కాయితంలో కృప అనే ఉంది అన్నాడు. అంతే.”

అందరూ ఆయన వైపు తిరగడానికి కారణం ఉంది. వసారాలో ఆడవాళ్ళకు చదువు చెప్పేటప్పుడు, పెద్ద మాటలు అర్థం కాక వాళ్ళు బిక్కమొహం వేస్తే, “కృప అంటే అందరి దయ కన్నా పెద్ద దయ అనుకోండి” అని ఆయన ఒకసారి అన్నారట. వాక్యాన్ని పలచన చేస్తున్నాడని జాషువా గారు అప్పుడే పాస్టరు గారికి ఫిర్యాదు చేశారు. ఇప్పుడు అచ్చులో సాక్ష్యం దొరికినట్టయింది. జాషువా గారు చెడ్డవాడు కాడు. ఆ మాట మీద ఏలియా గారికి ఎంత పట్టుదలో ఆయనకూ అంతే. ఇద్దరూ ఒకే మాటను కాపాడుతున్నారని ఆ రోజు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఏలియా గారు, జాషువా గారు, పాస్టరు గారు సోమవారం పని దిగాక అచ్చాఫీసుకు వచ్చి ప్రూఫు చూస్తారని మార్తమ్మ పిన్ని చెప్పింది. “ఆ కాయితం సూసేస్తే తేలిపోతాది కదా” అని బిందె ఎత్తుకొని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున వెంకటరత్నం గారి కంటే ముందు నేను తాళం తీశాను. ఊచ మీద కాగితాలు ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. దొరికింది. పెన్సిలు టిక్కులన్నీ వరసగా ఉన్నాయి, కింద గుండ్రటి సంతకం. చివరి పేజీలో నేను మార్చిన చోట కూడా, ‘కృప’ కింద, ఒక టిక్కు. పేజీ పట్టుకొని కొంతసేపు నిలబడ్డాను. మూడేళ్ళ ఉద్యోగం, మేనమామ ఇల్లు, ఊళ్ళో అమ్మకు రాసిన ఉత్తరాలు, అన్నీ ఆ కాగితం మీద కనిపించాయి. దాన్ని కిరసనాయిల్లో ముంచి ఇంకు పలక తుడిచాను. అచ్చాఫీసులో పాత ప్రూఫులతో పలక తుడవడం రోజూ జరిగేదే. ఎవరు చూసినా వింత అనుకోరు.

వర్క్‌షాపు సైరను మోగిన కాసేపటికి ముగ్గురూ వచ్చారు. పాస్టరు గారు, జాషువా గారు, వెనక సైకిలు నడిపించుకుంటూ ఏలియా గారు. వెంకటరత్నం గారు కుర్చీలు వేయించారు. ఏలియా గారు కూర్చోలేదు. నా కేసు దగ్గరికి నేరుగా వచ్చారు. ఆయన మొహంలో భయం లేదు. నిజం తెలిసిపోతుందన్న ధీమా ఉంది. నాకు భయం వేసింది దానికే.

“తియ్యి అప్పలసామీ. ఊచ మీదే ఉంటాది కదా. ఈళ్ళకి సూపించు.”

ఊచ తీసి బల్ల మీద పెట్టాను. ఆయనే కాగితాలు తిప్పారు, పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి. గదిలో ట్రెడిల్ ఆగి ఉంది. కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

“నేదేటిరా?”

“కనపడ్డం నేదు మావా.”

పాస్టరు గారు కుర్చీలోంచి ముందుకు వంగి నన్ను అడిగారు. మెత్తటి గొంతు ఆయనది. “బాబూ, కాగితం లేకపోతే పోనీ. పేర్చినవాడివి నువ్వే కదా. సంతకం చేసిన ప్రూఫులో ఏ మాట ఉందో నీకు గుర్తుందా?”

వెంకటరత్నం గారు నా వైపు చూశారు. సంఘం పని పోతే మా ఆఫీసులో తెలుగు పని సగం పోయినట్టే. ఏలియా గారు కూడా చూశారు. ఆయన చూపులో అనుమానం లేదు. గుర్తుంది అని నేను చెప్తానని ఎదురుచూస్తున్నారు.

“ఆయన సంతకం సేసిందే అచ్చు ఏసినామండి” అన్నాను.

“ఏటీ?” అన్నారు ఏలియా గారు.

నేను కేసులో అక్షరాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. ఏ అక్షరం ఏ గదిలో వేశానో తెలియదు. కొంతసేపటికి సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది.

వాళ్ళు వెళ్ళాక వెంకటరత్నం గారు ఊచ చేతిలోకి తీసుకున్నారు. మేము ప్రతి ప్రూఫుకూ నంబరు వేస్తాం. ఆయన నంబర్లు చూశారు. “ఒకటి తప్పిందిరా వరసలో” అన్నారు. “నేనేం అడగను. నువ్వేం చెప్పకు. సంతకం వాళ్ళది, పుస్తకం వాళ్ళది, గొడవా వాళ్ళదే” అని ఊచ గోడకు తగిలించేశారు.

ఆ వారమే పుస్తకాలన్నీ వెనక్కి తీసుకొని కాల్చేశారు. ఏలియా గారిని వాక్యం చదివే పని నుంచి తప్పించారు. సంఘం నుంచి వెలివేయలేదు. ఆదివారం వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చొనేవారని, ముందు ఎవరో చదువుతుంటే పెదవులు కదిపేవారని మార్తమ్మ పిన్ని చెప్పేది.

ఆయన నన్ను నిలదీస్తారని రోజూ అనుకొనేవాణ్ణి. నిలదీస్తే చెప్పేసేవాణ్ణేమో. ఆయన అలా చేయలేదు. నెల తర్వాత ఒక సాయంత్రం లైను చివర ఎదురుపడ్డారు. సైకిలు దిగారు.

“అప్పలసామీ, నిన్ను ఒకటి అడుగుతాను, ఏటీ అనుకోకు.”

“సెప్పు మావా.”

“ఎనక నుంచి కూడా సదివినాను. నువ్వు సూసినావు కదా. మాట మాటకీ గోరు ఎట్టినాను. అయినా తప్పిపోనాదంటే నా కళ్ళే తప్పాల. లేదంటే నా బుర్ర. నాకు దయ అని కనపడితే బుర్ర కృప అని సదివేసిందేటో. నువ్వు సెప్పు నాయనా. కళ్ళదే తప్పయితే ఒప్పేసుకుంటాను. ఒప్పేసుకుంటే తేలికవుతాది.”

నా ముందు ఆ మనిషి తలుపు తీసి నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. నా నోట్లోంచి వచ్చింది వేరే.

“వయసు కదా మావా.”

ఆయన తలాడించారు. “అవును. వయసు” అన్నారు. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి, చూపు తప్పి వాక్యం చెడగొట్టానని ఒప్పుకున్నారట. మాట మార్చింది నేను. కాగితం కాల్చినంత పని చేసింది నేను. ఒప్పుకున్నది ఆయన.

1969లో రిటైరై ఊరికి వెళ్ళిపోయారు. మూడేళ్ళకు పోయారని కబురు వచ్చింది. అప్పటికి నేను వెంకటరత్నం గారి దగ్గర మానేసి ఖరగ్‌పూర్‌లోనే ఇందా అనే పేటలో సొంతంగా చిన్న ప్రెస్సు పెట్టుకున్నాను. ఆయన పోయారన్న కబురు విన్న రోజు నాకు కలిగిన మొదటి భావం దుఃఖం కాదు. ఇక ఎవరూ అడగరు అన్న ఊరట. ఇది రాయడానికే అన్నిటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

అడగవలసిన వాళ్ళు లేకపోయినా పని వెతుక్కుంటూ వచ్చింది. కిందటి ఏడాది, 1976లో, ఆ సంఘం వాళ్ళు తమ చరిత్ర పుస్తకం అచ్చు వేయమని నా దగ్గరికే తెచ్చారు. జాషువా గారు కూడా అప్పటికి లేరు. కొత్త కార్యదర్శి కుర్రవాడు, రైల్వేలో క్లర్కు. నన్నెరగడు. రాతప్రతి ఇచ్చి వెళ్ళాడు. నేనే కంపోజు చేయడానికి కూర్చున్నాను. స్టిక్ అంటే ఎడమచేతిలో పట్టుకొనే చిన్న ఇనప పట్టీ, అక్షరాలు పేర్చేది అందులో. పదిహేనో పేజీలో ఒక వరస వచ్చింది. దేవుని వాక్యమును అచ్చులో మార్చిన కారణమున చదువరి ఏలియాను బాధ్యత నుండి తొలగించడమైనది.

‘మార్చిన’ దాకా పేర్చాను. స్టిక్‌లో ఆ మాట తలకిందులుగా, అద్దంలోలా తిరగబడి, నా వైపు చూస్తోంది. మొదటిసారి తప్పు చేసినప్పుడు నాకు పావుగంట పట్టింది. ఇప్పుడు ఆ అబద్ధాన్ని పుస్తకంలో కట్టి, వాళ్ళ పిల్లల పిల్లలు చదివేలా చేయబోతున్నాను, మళ్ళీ నా చేత్తోనే. స్టిక్ కేసు మీద పెట్టేశాను. మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు. ఆ వరసను చడీచప్పుడు లేకుండా వదిలేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. అంటే పదమూడేళ్ళ తర్వాత కూడా నా చేతికి అదే అలవాటు.

రాతప్రతి సంచిలో పెట్టుకొని కార్యదర్శి ఇంటికి వెళ్ళాను. చెప్పాను. అతను పాస్టరును, మరో ఇద్దరు పెద్దలను పిలిపించాడు. అప్పటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, మార్తమ్మ పిన్ని ఉంది అన్నారు. ఆమె కూడా వచ్చింది. తల నెరిసింది. చాప మీద కూర్చొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని, మొత్తం విన్నది. ఊచ మీది కాగితం సంగతి, ఇంకు పలక సంగతి, ‘వయసు కదా మావా’ అన్న సంగతి, ఏదీ వదలకుండా చెప్పాను.

పాస్టరు, “ఇప్పుడైనా చెప్పారు” అన్నాడు. మార్తమ్మ పిన్ని అతని వైపు తిరిగి, “ఉండండి బాబూ” అంది. తర్వాత నాతో అంది.

“నీకు తెలీదు. ఆ ఏడాది నుంచీ ఆయన మాకు సదువు సెప్పడం మానేసినాడు. పలకలు అటకెక్కించేసినాడు. నానూ ఇంకో ఇద్దరూ గట్టెక్కినాం, మిగతావోళ్ళు అక్కడే ఆగిపోనారు. ఊరెల్లే ముందు నాను వొంట సేసి పెట్టడానికి ఎల్తే, ప్రార్థనకి బైబిలు నా సేతికిచ్చినాడు. నువ్వు సదువు మార్తా, నా కళ్ళని నాను నమ్మను అన్నాడు. నాకు సదువు నేర్పినోడు. నాను తప్పు సదువుతూ ఉంటే కూడా దిద్దనేదు. దిద్దడానికి భయం.”

నేను ఏడుస్తానని ఎదురుచూసిందో ఏమో. నాకు ఏడుపు రాలేదు. ఆమె కూడా ఏడవలేదు.

“ఇక్కడ నాకు సెప్పి ఏటి లాభం? ఆయన సెప్పుకున్నది గుడిలో నిలబడి. నువ్వూ అక్కడే సెప్పు” అంది.

ఆ ఆదివారం గుడిలో నిలబడి చెప్పాను. వాళ్ళలో చాలామందికి ఏలియా గారు ఎవరో తెలియదు. కొందరు గొణుక్కున్నారు. ఒక పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. చెప్పడం అయిపోయాక ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నాను.

మర్నాడు కార్యదర్శి ప్రెస్సుకు వచ్చి ఆ వరసకు బదులు కొత్త వరస రాసి ఇచ్చాడు. మంచి కుర్రవాడు. నా పరువు కూడా కాపాడాలనుకున్నాడు. 1963లో అచ్చాఫీసులో జరిగిన పొరపాటు వలన చదువరి ఏలియా గారిపై నింద పడినదని, ఆయన నిర్దోషి అని ఉంది.

“పొరపాటు కాదు బాబూ” అన్నాను.

“మరి ఏమని రాయమంటారు?”

“అబద్ధం అని రాయండి. అప్పలస్వామి అనే కంపోజిటర్ మాట మార్చి, ఆ సంగతి దాచి, చెప్పిన అబద్ధం వలన అని.”

“మరీ అంత మాట ఎందుకండీ? చరిత్ర పుస్తకం కదా. అర్థం ఎలాగూ తెలుస్తుంది.”

అర్థం ఎలాగూ తెలుస్తుంది. కృప అన్నా దయ అన్నా అర్థం ఎలాగూ తెలుస్తుందని ఆ మధ్యాహ్నం ట్రెడిల్ పక్కన నేనూ అదే అనుకున్నాను. అక్షరం విరగడం పొరపాటు. ఆ తర్వాతిదంతా నేను కావాలని చేసినది. దానికి ఉన్న మాట అదొక్కటే, ఇంకో మాట పెడితే మళ్ళీ ఎవరో ఒకరి మీద పడుతుంది. నా వృత్తిలో నేర్చుకోవలసింది నాకు ఇరవై ఆరో ఏట ఆయన చెప్పనే చెప్పారు. నేను నేర్చుకోవడానికి ఒక మనిషికి తన కళ్ళ మీదున్న నమ్మకం ఖర్చయింది. అలా నేర్చుకున్నదాన్ని నేర్పు అనను.

కార్యదర్శి ‘పొరపాటు’ కొట్టేసి, పైన ‘అబద్ధం’ అని రాశాడు. నేను స్టిక్ చేతిలోకి తీసుకొని, ‘అ’ ఉన్న గదిలో వేలు పెట్టాను.